నల్లా సారు

మొన్న చలికాలంలో నార్కట్‌పల్లి దగ్గర మాకున్న చిన్న మెట్ట చెలక అంచు మీదుగా గ్యాస్ గొట్టం పోతుందని, దాని గురించి మాట్లాడటానికి రైతులంతా రావాలని కబురు వస్తే నేనూ వెళ్ళాను. బడి ఆవరణలో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, మనిషికొక నీళ్ళ సీసా. కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. పెద్దదాన్ని కదా అని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టాడు. "ముందు గొట్టం సంగతంతా నేను చెప్తాను. అభ్యంతరాలుంటే చివర్లో మాట్లాడుకుందాం" అని మొదలుపెట్టాడు.

చివర్లో అన్న మాట దగ్గర నా మనసు నిలబడిపోయింది. ఆ తర్వాత అతను తెర మీద చూపించిన బొమ్మలేవీ నాకు కనిపించలేదు. షామియానా గుడ్డ గాలికి ఉబ్బుతూ దిగుతూ ఉంటే, ఆ కదిలే నీడలో అరవై ఏళ్ళ కిందటి మనిషొకరు తెరుచుకోని గొడుగు పట్టుకుని నడిచి వస్తున్నాడు.

ఆయన పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవలేదు. నల్లా సారు అనేవాళ్ళు. ఆయన చేతుల మీదుగా ఏ ఊరికీ ఒక్క నల్లా, ఒక్క కుళాయి రాలేదు, అయినా ఆయన నల్లా సారే.

అరవయ్యో దశకం మొదట్లో నేను దేవరకొండ తోవలో ఒక చిన్న ఊరికి పంతులమ్మగా వెళ్ళాను. మా తాత ఒకరింట్లో పాలేరుగా జీతం ఉన్నవాడు. మా బాపు కల్వకుర్తి దగ్గర మిషను బడిలో తోటపని చేసేవాడు. మా ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటిదాన్ని నేనే. అక్కడ ఊరు వేరు, వాడ వేరు. మా కులంవాళ్ళుండేది వాడలో. నాకు ఆ రెంటికీ మధ్యలో ఒక గది చూపించారు. బావి మాత్రం ఊళ్ళోనే ఉండేది. దాని మీద చెయ్యి వేసే హక్కు మాకు లేదు. కుండ కింద పెట్టి నిలబడితే, నీళ్ళకు వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు తోడి పోసేవాళ్ళు.

ఆ నీళ్ళు చూడటానికి అద్దంలా ఉండేవి. కానీ బడి పిల్లలు నవ్వితే పళ్ళ మీద కాఫీరంగు చారలు కనిపించేవి. ముప్పై దాటిన మగవాళ్ళను వెనక నుంచి పిలిస్తే తల తిప్పేవాళ్ళు కాదు, మనిషంతా తిరిగేవాళ్ళు. కొత్తలో అది ఆ ఊరి పొగరేమో అనుకున్నాను. వాళ్ళ మెడలు తిరగవని తెలియడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఈత చెట్లు గీసి కల్లు తెచ్చే రాములు అనే అతను నలభై నిండకముందే చెట్లెక్కడం మానేశాడు. నడుము బిగిసిపోయి, వంగి మోకు కట్టుకోలేకపోయేవాడు. నీళ్ళలో ఏదో ఉందని పెద్ద డాక్టర్లు చెప్పారట. ఊళ్ళో కొందరు శాపమనేవాళ్ళు. నీళ్ళు మాత్రం అందరూ అవే తాగేవాళ్ళు.

ఆ ఊరికి రెండు కోసుల దూరంలో, కాస్త ఎత్తున, వాగు ఒడ్డున ఇంకో ఊరుంది. మేము దాన్ని మీదూరు అనేవాళ్ళం. అక్కడి నీళ్ళు మంచివి. వాగు పక్కన బావి తవ్వి, అక్కణ్ణుంచి మా ఊరిదాకా భూమిలో గొట్టం వేస్తే నీళ్ళు పల్లానికి వాటంతటవే వస్తాయని పంచాయతీ సమితి ఆఫీసులో ఒక ఆలోచన పుట్టింది. జనం ఒప్పుకుంటేనే ఇంజనీరు కొలతలకు వస్తాడు. ఆ జనాన్ని అడిగి రావడానికి పంపిన మనిషి ఈయన.

ఆయన వచ్చిన రోజు ఎండకు గుట్టలు కదులుతున్నట్టు కనిపించాయి. బస్సు దిగి చెలకలకు అడ్డంపడి నడిచి వచ్చాడు. చేతిలో గొడుగుంది, తెరవలేదు. అది తెరుచుకోదని తర్వాత తెలిసింది. దాన్ని తోవ చూపించడానికి, ముళ్ళకంప పక్కకు తీయడానికి, మీదికొచ్చిన కుక్కకు ముందు పెట్టి నెమ్మదిగా మాట్లాడటానికి వాడుకునేవాడు. పాలమూరు వైపు మనిషి. ముఖం ఎలా ఉండేదని ఇప్పుడు అడిగితే సరిగా చెప్పలేను. కళ్ళద్దాలుండేవి. నుదురు వెడల్పు. మిగతాదంతా ఎండలో దూరపు గుట్టలాగే కదిలిపోతుంది. చేతులు మాత్రం స్పష్టంగా గుర్తున్నాయి. ఆ చేతులు ఎందుకు అంత తెల్లగా ఉండేవో చెప్తాను.

ముందు నీళ్ళ సంగతి. బడి దగ్గర ఆగి నీళ్ళడిగాడు. నా కుండలోవి ఇవ్వాలా వద్దా అని నేను సందేహిస్తుంటే తానే వచ్చి చెంబు ముంచుకున్నాడు. ఒక గుక్క నోట్లో పట్టి, కళ్ళు మూసుకుని, చాలాసేపు మింగకుండా ఉండిపోయాడు. ఏ ఊరికి వెళ్ళినా అలాగే చేసేవాడట. మింగి కళ్ళు తెరిచి, "తేడ ఏం తెలుస్తలేదు బిడ్డా. తెలిస్తె మంచిగుండు" అన్నాడు.

ఆ సాయంత్రం చావడి ముందు ఊరంతా కూడింది. పెద్దలు మంచాల మీద, వాడవాళ్ళు దూరంగా గోడ వారన. పటేలు కుర్చీ తెప్పించాడు. సారు కూర్చోలేదు. జనం మాట్లాడేటప్పుడు తాను కూర్చుంటే సరిగా వినపడదనేవాడు. నిలబడి, గొడుగు రెండు చేతులతో పట్టుకుని, మొదటిమాటగా ఇలా అన్నాడు:

"వద్దనేటోళ్లు ముందు మాట్లాడుర్రి. కావాల్ననేటోళ్ల మాట మల్ల వింట."

అధికారి నోట అలాంటి మాట ఆ ఊరు ఎన్నడూ వినలేదు. చివరికి ఒక ముసలాయన లేచాడు. వెనకటి రోజుల్లో గొలుసు పట్టుకుని కొలవడానికి వచ్చినవాళ్ళ వెనకే భూములు చేతులు మారాయని చెప్పాడు. ఇంకొకాయన గొట్టం పగిలితే తన జొన్న మునిగిపోతుందన్నాడు. ఒకామె, భూమిలో ఇనుము పెడితే వానలు ఆగిపోతాయని విన్నానంది. ఆయన ఎవరికీ బదులు చెప్పలేదు. ప్రతి ఒక్కరి మాటనూ మళ్ళీ తన నోటితో అప్పజెప్పి, "నువ్వనేది గిదేనా?" అని అడిగేవాడు. కాదంటే మళ్ళీ చెప్పించుకునేవాడు. దీపాలు పెట్టేవేళ దాకా అదే సాగింది. చదువుకున్నదాన్ని కదా, నాకు విసుగొచ్చింది. ఈయన అసలు సంగతికి ఎప్పుడొస్తాడా అని చూశాను. జనం వద్దని చెప్పడమే ఆయనకు అసలు సంగతి అని అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఎవరో కుర్రాడు, అసలు నీళ్ళు ఎట్లా వస్తాయని అడిగితే అప్పుడు చెప్పాడు. కింద కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించాడు. "గీ మన్నుల, అర మనిషి లోతుల, చల్లగ, చప్పుడు లేకుంట వస్తయి. మీరు పైన దున్నుకుంటుంటరు, కింద నీళ్లు పోతుంటయి. ఎద్దుకు గూడ తెల్వది."

ఆ మాటలు చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. కథ విన్నట్టు విన్నారు జనం. తర్వాత చాలా రోజులు నేను బడికి నడుస్తూ అడుగు మెల్లగా వేసేదాన్ని. కాళ్ళ కింద ఎక్కడో నీళ్ళు కదులుతున్నట్టే ఉండేది. ఇంకా ఒక్క గొట్టం కూడా రాలేదు, అయినా అలాగే ఉండేది.

ఇక ఆ తెల్లటి చేతుల సంగతి. గొట్టం పోయే దారిలో సర్కారువాళ్ళు కట్టెలు పాతుతారు. పాతిన కట్టె కనిపిస్తే రైతుకు గుండె ఆగినంత పనవుతుంది. తెల్లారేసరికి పీకేస్తారు, గొడవలవుతాయి. అందుకని ఈయన కట్టెలు తేలేదు. ఒక గోనె సంచీలో ముగ్గు పిండి తెచ్చాడు. మీదూరి వాగు నుంచి మా ఊరి చావడి దాకా, పిడికిట్లోంచి పిండి వదులుతూ నడిచాడు. ఎర్ర చెలకల మీదుగా, బండల పక్కనుంచి, సీతాఫలం పొదలు చుట్టి ఒక తెల్లని గీత వచ్చింది.

కట్టె పాతితే అది సర్కారుదవుతుంది, ముగ్గు వేస్తే మీది అని ఆయన అందరికీ చెప్పాడు. నచ్చకపోతే కాలితో చెరిపి పక్కకు జరపమన్నాడు. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత కలుపు తీసి ఇంటికొస్తున్న ఆడవాళ్ళు ఒక సమాధి దగ్గర గీతను చెరిపి పక్కకు జరిపారు. మర్నాడు ఆయన వచ్చి, వాళ్ళు జరిపిన చోటే మళ్ళీ పిండి పోశాడు. గొర్రెలు మళ్ళించే జాగా అని ఒక గొల్లాయన ఇంకోచోట వంచాడు. గాలికి చెదిరిపోతే మళ్ళీ పోసేవాడు. ఇంజనీరు ఒకసారి వచ్చి ఆ గీత చూసి, ఇదేం పెళ్ళివారి ఇల్లా అని నవ్వాడు. కానీ గీత వెంట పొడుగునా నడిచి, వాలు సరిపోతుందని చెప్పి వెళ్ళాడు.

బడి సెలవైన రోజుల్లో నేనూ ఆయన వెంట తిరిగేదాన్ని. ఎందుకు వెళ్ళేదాన్నో చెప్పడం కష్టం. ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. సీతాఫలం దొరికితే సగం చేసి ఇచ్చేవాడు. గింజలు ఊసి వాటి వైపు కాసేపు చూసేవాడు. పొద్దు గూకాక గుట్టలు నల్లబడేవి, చెలక నల్లబడేది, మా చేతులు కూడా కనిపించేవి కావు. గీత ఒక్కటి తెల్లగా, నేలకు కాస్త ఎత్తున తేలుతున్నట్టుండేది. దాని వెంట ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ నడకలు నిజంగా అన్నిసార్లు జరిగాయా, ఒకే సాయంత్రాన్ని నేను అన్నిసార్లు తలచుకున్నానా అని ఇప్పుడు అనుమానం వస్తుంది.

నల్లా ఎక్కడ పెట్టాలి అన్నది తేల్చడానికి మళ్ళీ ఒక రోజు చావడి ముందు కూడారు. చావడి దగ్గరే అన్నాడు పటేలు. అందరూ తలలూపారు. వద్దనేవాళ్ళు ఉన్నారా అని సారు అడిగాడు. ఎవరూ లేరు. ఆయన గోడవార నిలబడ్డ వాడవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు నేల చూస్తున్నారు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"టీచరమ్మా, నువ్వు ఏ బాయి నీళ్లు తాగుతవు?"

"ఊరి బాయివే సారు. ఎవలన్న తోడి పోస్తె."

"పొయ్యకపోతె?"

"పోసేదాంక నిలవడ్త."

ఆ మాట నేను అంతవరకు ఎవరితోనూ అనలేదు. ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మతో కూడా అనలేదు. అక్కడున్నవాళ్ళంతా నా దగ్గర చదివే పిల్లల తండ్రులు. ఆయన అందరి మాటా చెప్పినట్టే నా మాటనూ మళ్ళీ చెప్పాడు. టీచరమ్మ అనేది ఇదీ, ఆమె పోసేదాకా నిలబడుతుంది, అన్నాడు. ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు. ఆయన నోట వింటే అది నా మాటలా లేదు. ఊళ్ళో నాలుగెకరాలున్న మనిషెవరో నిలబడి అన్న మాటలా ఉంది.

అప్పుడు రాములు నోరు విప్పాడు. మనిషంతా పటేలు వైపు తిరిగి, చావడి దగ్గర ఒకటి, వాడ దగ్గర ఒకటి పెట్టరాదా, అంత దూరం వచ్చిన గొట్టం ఇంకో నాలుగు బారలు పోతే ఏమవుతుంది అన్నాడు. పటేలు అవుననలేదు, కాదనలేదు. తెల్లారి సారు గీతను చావడి దాటించి వాడదాకా పొడిగించాడు. నేను రోజూ పొద్దున్నే బడికి వెళ్తూ చూసేదాన్ని. కాలితో ఒక్క తుడుపు చాలు అది పోవడానికి. ఎవరూ తుడవలేదు.

అన్నీ కుదిరాక అసలు చిక్కు మీదూరిలో వచ్చిపడింది. బావి తవ్వాల్సిన జాగా బుచ్చమ్మ అనే పెద్దామెది. మొగుడు పోయాక, ఉన్న చిన్న బావి కింద ఒంటిచేత్తో వ్యవసాయం చేసుకునే మనిషి. సారు వెళ్తే మంచం వేసింది, మజ్జిగ ఇచ్చింది, అంతా విన్నది, నేనియ్య అంది. ఎందుకో చెప్పలేదు. ఆయన మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాడు. జాగా మాట ఎత్తేవాడు కాదట. ఆమె పల్లికాయలు ఒలుస్తుంటే ఎదురుగా గొంతుక్కూర్చుని తానూ ఒలిచేవాడు.

ఒక ఆదివారం నన్నూ వెంట తీసుకెళ్ళాడు. ముగ్గురం పల్లికాయలు ఒలుస్తున్నాం. ఆమె నన్ను ఏ ఊళ్ళో చెప్తున్నావని అడిగింది. చెప్పాను. చేతిలో కాయ ఒలవకుండానే కింద పెట్టింది.

"నా బిడ్డను ఆ ఊరికే ఇచ్చిన," అంది. "కాన్పుల సచ్చిపోయింది. మన్నుల వెట్టినంక ఎన్నడో గాజులమ్మేటోడు చెప్తె నాకెరుకైంది. రెండు కోసులు నడిచొచ్చి ఒక్క మాట చెప్పేటోడు లేకపాయె. గా ఊరికి నేను నీళ్లెట్లియ్యాలె?"

సారు ఆ ఒక్కసారి ఎదుటివాళ్ళ మాట తిరిగి చెప్పలేదు. ఎవరింట్లో అని మాత్రం మెల్లగా అడిగాడు. ఈత చెట్లు గీసే రాములు ఇంట్లో, అంది ఆమె.

మేమిద్దరం గీత వెంట తిరిగి వచ్చాం. ఊళ్ళో ఆయన ఈ సంగతి పదిమందిలో పెట్టలేదు. బడి అరుగు దగ్గరికి రాములును పిలిచి, ఆమె వద్దన్నదని, ఎందుకన్నదో చెప్పాడు. రాములు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ రోజుల్లో వాగు నిండుగా పోతూ ఉండిందని, కబురుతో పంపిన మనిషి ఒడ్డు దాకా వెళ్ళి దాటలేక తిరిగొచ్చాడని చెప్పాడు. ఆ తర్వాత అన్నాడు: "వాగు తగ్గినంక పోదామనుకున్న సారూ. తగ్గినంక ఏ మొకం వెట్టుకొని పోవాల్నో తెల్వలె."

"గిప్పుడు పోదాం పా," అన్నాడు సారు.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. రాములు వంగి నేల చూసుకోలేడు. సారు ఒక అడుగు ముందు నడుస్తూ, రాయి వచ్చిన చోటల్లా గొడుగు మొనతో తట్టి చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడు విని రాములు కాలు ఎత్తి వేసేవాడు. రెండు కోసులు అలాగే నడిచాం. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ముందు ఆ గొడుగు టక్కుమనడం, వెనక రాములు ఊపిరి, ఇంకే చప్పుడూ లేదు.

బుచ్చమ్మ వాకిట్లోకి వచ్చింది. రాములు ఆమె కాళ్ళ మీద పడబోయాడు. నడుము వంగలేదు. చేతులు మోకాళ్ళ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. పైకి లేవలేక, కిందికి పోలేక, అతను నిలువుగా ఏడ్చాడు. ఆమె అలాగే చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి అతని చుట్టూ ఒకసారి తిరిగింది. వీపు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది.

"ఎప్పటిసంది గిట్లయింది?"

"మూడేండ్లాయె అత్తా."

"పండుకుంటె?"

"పక్కకు ఒరగరాదు."

ఆమె చెయ్యి తియ్యలేదు. "నా బిడ్డ గూడ నడుము గుంజుతాందని నాకు కబురంపింది," అంది, ఎవరితోనో చెప్తున్నట్టు. "కొత్త కాపురం, పనెక్కువున్నదేమో అనుకున్న. గా ఊరి నీళ్లతోనని నాకేం ఎరుక."

సారు నా భుజం తట్టి వాగు వైపు నడిచాడు. వాళ్ళను వాళ్ళకు వదిలేసి మేము ఇసుకలో కూర్చున్నాం. చెలిమలో నీళ్ళు ఊరడం చూస్తూ ఆయన చాలాసేపు ఉండిపోయాడు. తిరిగి వచ్చేసరికి రాములు గుంజకు ఆనుకుని, నిలబడే అన్నం తింటున్నాడు. బుచ్చమ్మ సారు వైపు చూసి, తవ్వుకోర్రి, అంది.

సమ్మతి పై ఆఫీసుకు వెళ్ళింది. వానలు పడి గీత కరిగిపోయింది. దాని మీద జొన్న మొలిచింది. సారును వేరే ఊళ్ళకు తిప్పారు. అయినా ఊరు ఆ గీతను మర్చిపోలేదు. దారిన పోయే కొత్తవాళ్ళను ఆపి, ఇగో ఇటునుంచి వస్తుంది నల్లా అని రాములు చేత్తో గాలిలో చూపించేవాడు. వాడవాళ్ళు గుట్ట నుంచి రాళ్ళు మోసుకొచ్చి బిందెలు పెట్టుకోవడానికి ఒక గద్దె కట్టారు. అది చూసి పటేలు చావడి దగ్గర అంతకంటే పెద్దది కట్టించాడు. ఆ రెండు గద్దెలూ ఒక ఏడాది ఎండనూ ఒక ఏడాది వాననూ చూశాయి.

మళ్ళీ ఎండాకాలంలో ఆయన వచ్చాడు. భుజాన సంచీ లేదు. చేతులు మామూలుగా ఉన్నాయి. ఆ చేతులు చూసే నాకు సంగతి సగం తెలిసిపోయింది. జనం పోగయ్యేదాకా ఆగి, నిలబడి చెప్పాడు:

"నల్లా వస్తలేదు. ఆ పైసలు వేరే పనికి పోయినయి. మల్ల వస్తయని నాకు ఎవ్వరు చెప్పలె, నేను మీకు చెప్పలేను. మీరు అనాల్ననుకున్నది నన్ను అనుర్రి. వింట."

అన్నారు. ఒకరి తర్వాత ఒకరు అన్నారు. మర్యాద దాటి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆయన పాత అలవాటు మానలేదు. ప్రతి మాటనూ తిరిగి చెప్పి, గిదేనా అని అడిగాడు. వాడ నుంచి ఒకామె, ఆ గద్దె మీద ఇప్పుడు మేమేం పెట్టుకోవాలి అని అడిగింది. ఆ మాట తిరిగి చెప్పబోయి సగంలో ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు.

చివరికి పటేలే జాలిపడ్డాడు. ఇంత ఎండలో ఎందుకొచ్చావు సారూ, ఒక చీటి పంపితే సరిపోయేది కదా అన్నాడు. చీటిని మీరు ఏమడిగినా అది చెప్పదు కదా పటేలా, అన్నాడాయన. ఆయన్ని ఎవరూ పంపలేదని నాకు తర్వాత ఎవరో చెప్పారు. రాని నల్లా గురించి చెప్పడానికి పోవాల్సిన పని లేదు, నాలుగు రోజులైతే జనమే మర్చిపోతారు అన్నారట ఆఫీసులో. ఆయన సెలవు పెట్టుకుని వచ్చాడు.

ఆ రాత్రి బడి వసారాలో పడుకున్నాడు. పొద్దున చూస్తే చాప మడత విప్పినట్టే లేదు. మీదూరికి పోవాలి, బుచ్చమ్మకు కూడా చెప్పాలి అన్నాడు. ఆమె జాగా ఆమెకే ఉండిపోయింది కదా, ఆమెకు చెప్పేదేముంది అన్నాను నేను.

"ఇచ్చినోళ్లకు గూడ చెప్పాలె బిడ్డా. ఆమె ఇచ్చిన మాట ఏమైందో ఆమెకెట్ల తెల్వాలె?"

రాములు కూడా మాతో వచ్చాడు. బుచ్చమ్మ వాకిలి ఊడుస్తోంది. సారు నిలబడి, మా ఊళ్ళో చెప్పిన మాటలే చెప్పాడు. ఆమె చీపురు పట్టుకునే విన్నది.

"గిది చెప్పనీకె వచ్చినవా?"

"అవునవ్వా."

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చెప్పుల నిండా దుమ్ము. తర్వాత రాములు వైపు తిరిగి, బండి ఉందా అని అడిగింది. తనకు లేదు, పటేలుకుంది అన్నాడు రాములు.

"అడుగు. పీపాలు గట్టుకొని రా. గొట్టం రాకపోతె నీళ్లు గూడ రావద్దా? నా బాయి గీడనే ఉంటది."

రెండు గద్దెల కాడ రెండు పీపాలు దించుతానన్నాడు రాములు. ఆమె సరేనంది.

ఆ బండి చాలా ఏళ్ళు నడిచింది. రాములే తోలేవాడు. ఊరంతటికీ చాలేది కాదు. తాగడానికి మాత్రమే, అదీ పిల్లలున్న ఇళ్ళకు ముందు. కొన్నాళ్ళు పటేలు ఎద్దులు, కొన్నాళ్ళు ఇంకొకరివి. వాగు నిండినప్పుడు ఆగేది, తగ్గగానే మళ్ళీ కదిలేది. వాడ గద్దె దగ్గర నా బిందె నేనే ముంచుకునేదాన్ని. రాములు నడుము బాగుపడలేదు. కానీ బండి మొదలయ్యాక పుట్టి ఆ నీళ్ళతో పెరిగిన పిల్లలు నా దగ్గర ఒకటో తరగతిలో చేరి, నవ్వినప్పుడు, నేను పాఠం ఆపి చూసేదాన్ని. నాకు బదిలీ అయ్యేనాటికి కూడా బండి పోతూనే ఉంది. సారును వేరే జిల్లాకు వేశారని విన్నాను. తర్వాత ఆయన్ని నేను చూడలేదు.

చివరిసారి చూసింది నల్లా రాదని బుచ్చమ్మకు చెప్పిన ఆ రోజే. బుచ్చమ్మ అన్నం పెడతానని లోపలికి వెళ్ళింది. గోడ నీడలో నులకమంచం వాల్చి ఉంది. ఆయన దాని మీద కూర్చున్నాడు. ఎవరూ అడక్కుండా ఆయన ఒకరి మంచం మీద కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. గొడుగు పక్కన పెట్టాడు. ఆమె కంచంతో బయటికి వచ్చేసరికి ఒరిగి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఆమె కంచం లోపల పెట్టి వచ్చింది. కళ్ళద్దాలు మెల్లగా తీసి గూట్లో పెట్టింది. కోళ్ళను చేత్తో అదిలించి అవతలికి పంపింది.

ఎక్కడో చెలకల అవతల బస్సు హారను వినిపించింది. రోజుకు ఒక్కటే బస్సు. నేను లేపబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"పోనీ. రేపు పోతడు."

బస్సు వెళ్ళిపోయింది. అది లేపిన ఎర్ర దుమ్ము గుట్టల మీద చాలాసేపు నిలబడి, ఎటు పోవాలో తోచనట్టు మెల్లగా కిందికి దిగింది. ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పొద్దు తిరిగి గోడ నీడ మంచం మీద నుంచి జరిగిపోతోంది. రాములు వెళ్ళి ఎండకు అడ్డంగా, మంచం పక్కన నిలబడ్డాడు. ఎండ జరిగినకొద్దీ తానూ కొంచెం కొంచెంగా జరుగుతూ, ఆయన లేచేదాకా తన నీడను ఆయన ముఖం మీది నుంచి పోనివ్వలేదు.